నాలుగో ప్రశ్నకు నేనిచ్చిన సున్నా

ఆ ఉదయం హిందూపురం నుంచి పెనుకొండకు ఆరు కంప్యూటర్లు బొంతలు కప్పుకుని బయల్దేరాయి. అప్పటి మానిటర్లు ఒక్కొక్కటి నిండు బిందెంత బరువు. టెంపో వెనక వాటి మధ్య ఇరుక్కుని కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా చెరో చేత్తో ఒక్కోదాన్ని అదిమి పట్టుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నాకు ఇరవయ్యారేళ్లు. నాకు తెలియనిది పెద్దగా ఏమీ లేదని ఆ వయసులో గట్టి నమ్మకం.

ఆ రోజు గుర్తొస్తే ముందుగా నీలం రంగు కనిపిస్తుంది. ప్రోగ్రాం రాసే తెర అప్పట్లో నీలంగా ఉండేది, దాని మీద తెల్లటి అక్షరాలు. ఏప్రిల్ ఎండ లోపలికి రాకుండా బడి కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఆ మసక వెలుతురులో ఆరు నీలి తెరలు, ఒక్కో తెర ముందు మూడేసి తలలు. ఇన్నేళ్ల తర్వాత కూడా, మధ్యాహ్నం కునుకు పట్టే ముందు ఒక్కోసారి ఆ హాలు కళ్ల ముందుకొస్తుంది. అందులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. గుసగుసలు, ఫ్యాన్ల చప్పుడు, అప్పుడప్పుడూ ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. నిద్రకూ మెలకువకూ మధ్య నేను ఆ బల్లల నడుమ తిరుగుతూనే ఉంటాను.

అసలు ఈ పోటీ ఎలా పుట్టిందో చెప్పాలి. హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేదాన్ని. రొళ్ల, అమరాపురం వైపు నుంచి కూడా పిల్లలు బస్సులెక్కి వచ్చేవాళ్లు. ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడం మాట్లాడి, నా ముందుకొచ్చేసరికి ఇంగ్లీషు కోసం తంటాలు పడేవాళ్లు. ఎక్కడో కాలేజీ పిల్లలకు ముగ్గురేసి జట్లుగా ప్రోగ్రాములు రాసే పోటీ పెడతారని ఒక పత్రికలో చదివాను. ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటర్. ఆ మాట నాకు తెగ నచ్చింది. మా దగ్గర ఉన్నవే ఆరు. మిషన్లు లేవని సిగ్గుపడకుండా, అదే పోటీ నియమమని దర్జాగా చెప్పుకోవచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఒక్కో ఊరి నుంచి రెండేసి హైస్కూలు జట్లు అనుకున్నాను. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి, నడుమ పెనుకొండ. అక్కడి ఒక బడిలో రిటైర్మెంటుకు దగ్గరపడిన లెక్కల మాస్టారు ఉండేవాడు. "మా హాలు ఖాళీగానే ఉండాది, తీసుకో మా. నువ్వు చేసేది నాకు అర్థం కాదు గానీ, పిల్లోళ్లు మూడు గంటలు కొట్లాడకుండా కూర్చుంటే అదే పదివేలు" అన్నాడు. ఆయన్ను రెండో న్యాయనిర్ణేతగా వేసుకున్నాను. మొదటిది ఎవరో చెప్పనక్కర్లేదు.

గెలిచిన జట్టుకు కప్పులూ పతకాలూ వద్దనుకున్నాను. వేసవి సెలవుల్లో నెల రోజుల పాటు మా కేంద్రంలో ఒక కంప్యూటర్ వాళ్లదే, అదే బహుమతి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఎవరూ లేపరు. మా హిందూపురం పిల్లలకు ఇదేమంత గొప్ప కాదు. వాళ్లు ఎలాగూ మా దగ్గరికి వచ్చేవాళ్లే. ధర్మవరంలో ఒక జట్టుకు మాత్రం ఇది మాటల్లో చెప్పలేనంత పెద్ద విషయం.

ఆ జట్టులో ముగ్గురూ ఆడపిల్లలు, తొమ్మిదో తరగతి పరీక్షలు అప్పుడే రాసినవాళ్లు. ఒకతె పొడుగు. ఒకతెకు కళ్లద్దాలు. మూడో పిల్ల నోరు విప్పితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉండేది. వాళ్ల బడికున్న ఒకే ఒక్క కంప్యూటర్ హెడ్మాస్టరు గదిలో గుడ్డ కప్పుకుని ఉండేది. వీళ్లకు వారానికి ఒకసారి, అదీ ముప్పావు గంట. మిగతా రోజుల్లో ప్రోగ్రాములు నోటుపుస్తకంలో రాసుకుని నోటితోనే నడిపేవాళ్లు. ఒకతె లైను చదివితే, ఒకతె లెక్క కట్టి చెబితే, మూడో పిల్ల జవాబు రాసేది. పోటీ సంగతి చెప్పడానికి వాళ్ల బడికి వెళ్లినప్పుడు పొడుగాటి పిల్ల లేచి నిలబడింది.

"నెలంతా అంటే నిజంగా నెలంతానా మేడమ్? రోజూ ముట్టుకోవచ్చునా?"

ముట్టుకోవడం అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. వాళ్ల ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు.

ప్రశ్నలు నేనే రాశాను. మొత్తం నాలుగు. మొదటిది బస్సుల వేళల మీద, తర్వాతవి మార్కుల జాబితా మీద, అంకెల వరసల మీద. నాలుగోది చీరల మీద. ధర్మవరం పిల్లలు సంతోషపడతారని నా ఉద్దేశం. నేను పట్టుచీర కట్టుకున్నానే గానీ, మగ్గాన్ని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. చీర పొడవునా సాగే పోగుల వరసను పడుగు అంటారని మాత్రం తెలుసు. "కొన్ని పడుగుల పొడవులు ఇస్తాం. ఒక చీరకు ఆరు మీటర్లు. ఒక్కో పడుగు మీద నేతగాడు ఎన్ని చీరలు నేయగలడు?" అని రాశాను. భాగహారం వచ్చిన వాళ్లెవరైనా చేయగలరు. పద్దెనిమిది మీటర్ల పడుగుకు మూడు చీరలు. నా జవాబుల కాగితాన్ని కవరులో పెట్టి అంటించేశాను.

నియమాల కాగితం కూడా నా చేతిరాతే. దాని చివరి లైను ఇది: "న్యాయనిర్ణేతదే తుది మాట. వాదనకు తావు లేదు." కాగితమంతటిలో నాకు బాగా నచ్చిన లైను అదే. దాని కింద రెండు గీతలు గీశాను కూడా.

పోటీ మొదలైంది. మా హిందూపురం అబ్బాయిల్లో నడిమివాడు టైపు చేస్తుంటే, పక్కనున్న ఇద్దరూ వాణ్ణి మోచేతులతో పొడుస్తూ చెరో మాటా చెబుతున్నారు. పెనుకొండ జట్టొకటి తమ బడి పేరు తెర మీద మిణుకుమిణుకుమనేలా చేయడానికి అరగంట తగలేసింది. అది మిణుకుమన్నాక హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కోప్పడాల్సింది పోయి నేనూ కొట్టాను. ధర్మవరం ఆడపిల్లలు మాత్రం నలభై నిమిషాల దాకా కీబోర్డు తాకలేదు. భయపడుతున్నారు పాపం అనుకున్నాను. కాగితం మీద రాసుకుని, నోటితో నడిపించుకుని, అప్పుడు మొదలుపెట్టారు. పొడుగాటి పిల్ల చదువుతుంటే కళ్లద్దాల పిల్ల రెండు వేళ్లతో టైపు చేసింది. మూడో పిల్ల కాగితం మీద వేలు కదుపుతూ కూర్చుంది. మొదటి ప్రోగ్రాం మొదటి దెబ్బకే నడిచింది.

నాకు అప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. కొండ మీది నుంచి గాలి వచ్చి కిటికీ దుప్పట్లను లోపలికి ఉబ్బించి వదిలేస్తోంది. నీలి వెలుతురు పిల్లల మొహాల మీద పడి, వాళ్లంతా నీళ్ల అడుగున కూర్చున్నట్టు ఉన్నారు. ఈ ఎండిన నేలలో, ఈ గదిని నేను తయారు చేశాను అనుకున్నాను. గర్వంగానే అనుకున్నాను.

పద్ధతి ఏమిటంటే, ప్రోగ్రాం అయిపోయిన జట్టు చెయ్యెత్తాలి. నేను వెళ్లి నా అంకెలు ఇస్తాను. తెర మీది జవాబు నా కాగితంతో కలిస్తే టిక్కు. ఆఖరి అరగంటకు రెండు జట్లే మిగిలాయి. మా అబ్బాయిలవి మూడు, ధర్మవరం పిల్లలవి మూడు. నాలుగో ప్రశ్నకు ముందుగా ధర్మవరం వాళ్లే చెయ్యెత్తారు. పద్దెనిమిది అని ఇచ్చాను. తెర మీద రెండు అని వచ్చింది.

"తప్పు" అన్నాను.

మాట్లాడని ఆ మూడో పిల్ల మొదటిసారి నా మొహంలోకి చూసింది. "తప్పు కాదు మేడమ్. ప్రతి పడుగుకీ కడాన..."

"వాదనకు తావు లేదని రాశానా లేదా?"

"రాసినారు మేడమ్."

"ఇంకా పదిహేను నిమిషాలుంది. సరిచేసుకోండి."

నేను పక్కకు వచ్చేశాను. మాస్టారు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఆ పాప ఏందో చెప్పబోతాంది. ఎందుకట్లా రాసిందో ఒక్క మాట అడిగి చూడు మా."

"ఒకరిని అడిగితే అందర్నీ అడగాలి సార్."

"అడుగు. ఎవరొద్దన్నారు?"

అడగలేదు. దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. కళ్లద్దాల పిల్ల ఒక లైను తీసేయడానికి చెయ్యి చాపింది. మూడో పిల్ల ఆ చేతిని పట్టుకుని ఆపింది. ఏదో గుసగుసగా చెప్పింది. పొడుగాటి పిల్ల ఇద్దరి వంకా చూసి, చాలాసేపు తెర వంక చూసి, మళ్లీ చెయ్యెత్తింది. వెళ్లాను. పద్దెనిమిది ఇచ్చాను. మళ్లీ రెండే వచ్చింది. నాకు ఒళ్లు మండింది. చెప్పినా వినని పొగరు అనుకున్నాను. వాళ్ల కాగితం మీద నాలుగో ప్రశ్న ఎదురుగా సున్నా వేశాను. ఆ సున్నా మామూలుగా వేయాల్సిన దానికన్నా పెద్దదిగా వేశాను. పక్క బల్ల మీద మా అబ్బాయిల తెర మూడు అని చూపించింది. వాళ్లు కుర్చీల మీది నుంచి ఎగిరారు.

నా దగ్గర చదివే పిల్లలే గెలిచారని ఎవరైనా అంటారేమోనని లోపల కొంచెం పీకింది. లెక్క లెక్కే కదా అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం మేం మళ్లీ మానిటర్లకు బొంతలు చుట్టి టెంపో ఎక్కిస్తుంటే, ఆ ముగ్గురూ స్టేషన్ వైపు నడిచిపోతున్నారు. ఇద్దరు ముందు, మూడో పిల్ల పది అడుగులు వెనక. అలసిపోయి ఉంటుంది అనుకున్నాను.

మే నెల మధ్యలో మా పిన్ని కూతురి పెళ్లి కుదిరి, చీరల కోసం ధర్మవరం వెళ్లాం. షాపులో కాదు, నేసే ఇంట్లోనే తీసుకుంటానని పిన్ని పట్టుబట్టింది. ఆ వీధి ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. తెరిచిన ప్రతి తలుపులోంచీ మగ్గం చప్పుడు. ఒక ఇంటి మగ్గం దరువు ఇంకో ఇంటి దరువుతో కలవదు. అయినా కాసేపు నడిచేసరికి అంతా ఒకటే చప్పుడై, కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. అరుగుల మీద ఎర్రటి, పసుపు పట్టుదారం చుట్టిన కండెలు. రంగు నీళ్ల వాసన. మధ్యాహ్నం ఎండలో నడుస్తూ నేను మళ్లీ పెనుకొండ హాల్లో ఉన్నంత హాయిగా ఉన్నాను.

మేం వెళ్లిన ఇంట్లో పెద్దాయన అప్పుడే ఒక పడుగు మీది ఆఖరి చీర కోసి మడత పెడుతున్నాడు. పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరి ఉండే దువ్వెనలాంటి అచ్చుకు వెనక వైపు, మూరెడు పొడవున పట్టుపోగులు అలాగే మిగిలి ఉన్నాయి.

"ఇంత పట్టు వదిలేశారెందుకు? అదీ నేసేయొచ్చు కదా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "అది నేతకు రాదమ్మా. కొత్త పడుగు వస్తే దాని పోగులు ఒక్కొక్కటే ఈ పోగులకు అతకల్ల. ప్రతి పడుగుకీ ఈ మూరెడు పోయేదే. ఇది లేకుంటే మగ్గం మళ్లా మొదటికొచ్చినట్లే."

పద్దెనిమిది మీటర్లు. అందులో ఒక మూరెడు పోతే మూడో చీరకు చాలదు. రెండు. ఆ జవాబు నా తలలో దానంతటదే వచ్చేసింది. నేతగాడు ఎన్ని చీరలు నేయగలడు అని అడిగింది నేనే. నేయగలిగినన్ని చెప్పింది ఆ పిల్ల.

పెద్దాయనకు నా సంగతి తెలియదు కదా, మాట్లాడుతూనే ఉన్నాడు. "మా ఎనక వీదిలో ఒక పాప ఇట్లనే చేసింది. వాళ్ల నాయన ఊర్లో లేనప్పుడు, ఈ మూరెడు నేతకొస్తాదేమో చూద్దామని ఈ పోగుల కొసన ఉండే కట్టు విప్పి నేసింది. పోగులన్నీ జారి బయటికొచ్చేసినాయి. వేల పోగులమ్మా! ఒక్కొక్కటే మళ్లా ఎక్కిస్తాండారు. ఈ పొద్దుకు నాలుగు దినాలు."

"నేసే ఇంటి పిల్లకు ఆ మాత్రం తెలియదా?" అంది పిన్ని.

"ఎందుకు తెలీదు? పుట్టినప్పట్నుంచీ చూస్తాండే పిల్లే. యాడనో పోటీలో కంప్యూటర్ టీచరమ్మ ఎవరో నీ లెక్క తప్పనిందంట. చదువుకున్నామె అట్లంటే, తెలిసింది కూడా అనుమానమే అయితాది గదమ్మా."

పిన్నిని చీరల దగ్గరే వదిలేసి బయటికొచ్చాను. వెనక వీధిలో ఆ ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వీధి మొత్తం మీద చప్పుడు లేని ఇల్లు అదొక్కటే.

ఆ పిల్ల మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని వంగి కూర్చుంది. ఎదురుగా వాళ్లమ్మ ఒక్కో పోగూ వేరు చేసి అందిస్తోంది. ఈ పిల్ల దాన్ని సన్నటి కొక్కెంతో లాగి అచ్చులోకి ఎక్కిస్తోంది. అప్పటికి సగం కూడా కాలేదు. నన్ను చూసి ఆ పిల్ల "మేడమ్" అనేసరికి వాళ్ల నాయన అరుగు మీది నుంచి లేచాడు. "మేడమ్ గదా? రామ్మా, లోపలికి రా. ఎండన పడి వచ్చినావు" అని చాప వేశాడు. ఆయన ఒక్క తిట్టు తిట్టినా నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను కూర్చోలేదు. "నేనే తప్పు. నువ్వు రాసిందే సరి. ఆ రోజు నువ్వు చెప్పబోతే నేను చెప్పనివ్వలేదు" అన్నాను. ఇంత మాట అనడానికి నాకు చెమటలు పట్టాయి.

ఆ పిల్ల తలెత్తకుండా చేతిలో ఉన్న పోగును ఎక్కించింది. ఆ తర్వాత అడిగింది.

"ఈ మాట వాళ్లిద్దరికీ చెప్తారా మేడమ్? నా ఒక్క లైను వల్లనే నెలంతా పోయిందని వాళ్లు నాతో మాట్లాడ్డం లేదు."

అప్పుడర్థమైంది, తెలిసి తెలిసీ ఆ కట్టు ఎందుకు విప్పిందో. మూరెడు నేతకు రాదని ఆ పిల్లకు తెలుసు. వస్తుందేమో అనే అనుమానం నాది, నేను దాని నెత్తిన పెట్టాను. తన మాట నమ్మి స్నేహితురాళ్లు ఓడిపోయారే, ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండా ఉండలేకపోయింది. నాకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందే ఏడ్చాను. వాళ్లమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది.

సెలవులు ఇంకా మూడు వారాలున్నాయని, మధ్యాహ్నాలు ఒక కంప్యూటర్ వాళ్ల ముగ్గురికే ఉంచుతానని, పొద్దుటి ప్యాసింజర్‌కు వస్తే సాయంత్రానికి తిరిగి రావచ్చని చెప్పాను. వాళ్ల నాయన ఆలోచించి, "పోగులెక్కినాక పంపిస్తా మేడమ్. ఇంగా అయిదారు దినాలు పడ్తాది" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు. మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది.

అక్కడి నుంచి నేరుగా మిగతా ఇద్దరి ఇళ్లకూ వెళ్లాను. అవి రెండు వీధుల అవతలే. పొడుగాటి పిల్ల నా మాట పూర్తిగా వినలేదు. "అయితే అది చెప్పిందే కరెక్టా?" అని అడిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది. కళ్లద్దాల పిల్ల దాని వెనకే పరుగెత్తింది. వాళ్లను అందుకోవడం నా వల్ల కాలేదు.

నేను మళ్లీ ఆ ఇంటికి చేరేసరికి ముగ్గురూ మగ్గం దగ్గర ఉన్నారు. క్షమించమని ఎవరు ఎవరిని అడిగారో, అసలు అడిగారో లేదో నాకు తెలియదు. పొడుగాటి పిల్ల చిక్కుపడిన పోగుల్ని విడదీస్తోంది. కళ్లద్దాల పిల్ల మూతి బిగించి లెక్క పెడుతోంది. మూడో పిల్ల వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లినట్టుంది, అందించే చోటు ఖాళీగా ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"రండి మేడమ్. ఆడ కూర్చోని పోగులు అందియ్యండి. నలుగురముంటే బిరీన అయితాది" అంది మూడో పిల్ల.

కూర్చున్నాను. పట్టుపోగు అంత సన్నగా ఉంటుందని చీర కట్టుకున్నన్ని రోజులూ నాకు తెలియలేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గానీ కనిపించదు. ఒకటి తీసి అందించాను. ఆ పిల్ల కొక్కెం ఆపి, దాన్ని చూసి, తల అడ్డంగా ఊపింది.

"తప్పు మేడమ్. దాని పక్కది."

నేను దాని పక్కది తీసి ఇచ్చాను.